జలపాతం ముందు అరగంట



వానలు ఊపందుకున్నాయంటే మనకు రెండు రకాల వార్తలు వినిపిస్తాయి. చెరువులు అలుగు పోస్తున్నాయన్నది ఒకటి, జలపాతాలకు జనం పోటెత్తారన్నది ఇంకొకటి. తెలంగాణలో కుంతాల, పొచ్చెర, బొగత. ఆంధ్రలో తలకోన, ఎత్తిపోతల, కటికి. ఆదివారం వస్తే చాలు, వీటి దగ్గర కార్లు బారులు తీరతాయి. వచ్చినవాళ్లు జలపాతానికి వీపు తిప్పి నిలబడతారు, ఫోను పట్టుకుని చేయి చాపుతారు, నవ్వుతారు, ఇంకొకరికి చోటిస్తారు. వేడి మిర్చీలు తిని, పొద్దు వాలకముందే కారెక్కుతారు. ఇంత దూరం వచ్చి నీళ్లను ఎంతసేపు చూశారని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు.

ఈ వేళ నేను మాట్లాడబోయేది మరో రకం ప్రయాణం గురించి. ఒక్కరే బయలుదేరడం, తొందర లేకుండా కారు నడుపుకుంటూ పోవడం, ఒక జలపాతాన్ని శ్రద్ధగా ఫొటో తీయడం, తేలికపడిన మనసుతో ఇల్లు చేరడం. ఆఫీసులో రోజంతా అంకెల మధ్య బతికే మనిషిని కాబట్టి నాకు ఇది అవసరమైంది. దీన్ని విలాసం అనేవాళ్లున్నారు. ఒక్కతే వెళ్లడమేమిటని కనుబొమలు ఎగరేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే: ఇది విశ్రాంతి. కాకపోతే ఒక షరతుంది. చేతిలోని కెమెరా మనల్ని నిదానింపజేయాలి. మనల్ని తొందరపెట్టే కెమెరా అయితే దాన్ని బీరువాలో ఉంచి వెళ్లడమే మంచిది.

నాకు బాగా తెలిసిన కుంతాల దారినే ఉదాహరణగా తీసుకుంటాను. హైదరాబాదు నుంచి సుమారు 260 కిలోమీటర్లు. దాదాపు దారంతా 44వ నంబరు జాతీయ రహదారే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే ఈ రోడ్డును మనవాళ్లు ఇప్పటికీ నాగపూర్ రోడ్డు అనే అంటారు. మేడ్చల్, తూప్రాన్ దాటినా నగరం ఒక పట్టాన వదలదు. గోదాములు, ఫంక్షన్ హాళ్లు, ప్లాట్ల బోర్డులు వెంట వస్తూనే ఉంటాయి. కామారెడ్డి దాటాక ఆకాశం కాస్త పెద్దదవుతుంది. డిచ్‌పల్లిలో గుట్ట మీది పాత రామాలయం కోసం కాసేపు పక్కకు తిరగొచ్చు. ఆర్మూరు దగ్గర నవనాథ సిద్ధుల గుట్ట నల్లటి బండలతో నిలబడి ఉంటుంది. చుట్టూ పసుపు చేలు, మక్క చేలు. రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చిన మక్క కంకి కోసం ఆగని వాళ్లు తక్కువ.

సోన్ దగ్గర వంతెన మీద గోదావరిని దాటతాం. ఎగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారో లేదో ఈ వంతెన మీది నుంచి నీళ్లు చూస్తే తెలిసిపోతుంది. ఆ తర్వాత నిర్మల్. పొనికి కర్రతో బొమ్మలు చేసే ఊరు. నిర్మల్ దాటగానే గుట్టలు, టేకు అడవి మొదలవుతాయి. నేరడిగొండ దగ్గర పెద్ద రోడ్డును వదిలిపెట్టి సుమారు 12 కిలోమీటర్లు లోపలికి వెళితే కుంతాల.

ఆ మలుపు దగ్గర చిన్న చాయ్ కొట్టు ఉంది. ఒక పెద్దావిడ నడుపుతుంది. నేను కారు దిగగానే లోపలికి తొంగిచూసి, ఎవరూ లేకపోవడంతో అడిగింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? ఇంటోళ్లు ఎవ్వలు రాలే?"

"లేదమ్మా, నేనే వచ్చిన. ఫొటోలు తీసుకుందామని."

"మంచిగ తీసుకో. గని నీళ్లల్లకు దిగకు. మీది దిక్కు మబ్బు నల్లగైతె మాత్రం ఆగకు, ఎక్కి రా."

ఆవిడ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. వచ్చిన మనిషి క్షేమంగా తిరిగిపోవాలన్న ఆరాటం ఉంది. ఆ సలహా విలువ ఏమిటో తర్వాత చెబుతాను. ముందు విశ్రాంతి సంగతి చూద్దాం.

సెలవు పెట్టి ఇంట్లో పడుకుంటే రాని విశ్రాంతి నీళ్ల దగ్గర ఎందుకు వస్తుంది? అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల జంట దీని గురించి ఏళ్ల తరబడి ఆలోచించి 1989లో ఒక పుస్తకం రాశారు. వారి ప్రకారం మన ధ్యాస రెండు రకాలు. ఒకటి మనం బలవంతాన నిలిపేది. లెక్కలు సరిచూడటం, మీటింగులో కూర్చోవడం, పరీక్ష పేపర్లు దిద్దడం, రద్దీలో బండి నడపడం, వీటన్నిటికీ అదే కావాలి. వాడేకొద్దీ అది అలసిపోతుంది. చిన్న మాటకే విసుగు, చదివిన వాక్యమే మళ్లీ చదవడం, తాళం చెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవడం, ఇవన్నీ ఆ అలసట లక్షణాలే. రెండోది అడక్కుండానే నిలిచే ధ్యాస. మబ్బులు, ఆకుల కదలిక, పారే నీళ్లు మనల్ని పట్టి ఉంచుతాయి గానీ మనసంతా లాగేసుకోవు. చూస్తూనే మన ఆలోచనలు మనం ఆలోచించుకోవచ్చు. ఈ రెండోది పనిలో ఉన్నంతసేపు మొదటిది సేద తీరుతుంది. ఇదీ వారి సిద్ధాంతం.

ఆ పుస్తకానికి అయిదేళ్ల ముందు, 1984లో, రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఒక ఆస్పత్రి రికార్డులు పరిశీలించాడు. పెన్సిల్వేనియాలోని ఆ ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి. అన్ని విధాలా వారికి సరిపోలిన మరో 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవాళ్లు ముందుగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ అడిగారు. నీళ్ల చప్పుడు మీద కూడా పరిశోధనలున్నాయి. ప్రకృతిలోని చప్పుళ్ల మీద వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి 2021లో ఒక సమీక్ష వెలువడింది. చిరాకును, ఒత్తిడిని తగ్గించడంలో పక్షుల కూతలు ముందున్నాయని, మనసును ఉల్లాసపరచడంలోనూ ఆరోగ్యం విషయంలోనూ నీళ్ల చప్పుడు ముందుందని అందులో తేలింది.

ఇక్కడ ఒక ప్రచారం గురించి కూడా చెప్పాలి. జలపాతం దగ్గర గాలిలో రుణ అయాన్లు ఉంటాయని, హాయి వాటివల్లే వస్తుందని సోషల్ మీడియాలో తరచూ వింటాం. నీళ్లు రాళ్లకు తగిలి చెదిరినప్పుడు గాలిలో విద్యుదావేశం ఏర్పడటం నిజమే. జర్మన్ శాస్త్రవేత్త ఫిలిప్ లెనార్డ్ 1892లోనే దాన్ని వివరించాడు. కానీ ఆ అయాన్లు ఆందోళన తగ్గిస్తాయా, నిద్ర పట్టిస్తాయా అని జరిగిన పరీక్షలన్నిటినీ 2013లో కలిపి చూస్తే, నిలకడైన ఫలితం కనిపించలేదు. కాబట్టి ఈ పేరు చెప్పి అమ్మే యంత్రాలు కొనకండి. జలపాతం దగ్గర మనకు దొరికేది చల్లని గాలి, ఎడతెగని చప్పుడు, చూడటానికి కదిలే నీళ్లు. అవి చాలు.

కప్లాన్ల సిద్ధాంతం నుంచి ఒంటరి ప్రయాణికులు నేర్చుకోవాల్సింది ఒకటుంది. కారు నడపడం విశ్రాంతి కాదు. హైవే మీద లారీలను దాటుకుంటూ, ఎదురుదారిలో వచ్చే ట్రాక్టర్లను తప్పించుకుంటూ నాలుగైదు గంటలు నడిపితే, ఆఫీసులో అలసిన ధ్యాసే మరింత అలుస్తుంది. తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నానికి జలపాతం చూసి, రాత్రికి ఇల్లు చేరాలనుకునే ప్రయాణం వల్ల దక్కేది అలసటే. అందుకే నేను నిర్మల్‌లో రాత్రి ఆగుతాను. మరునాడు పొద్దున్నే, జనం రాకముందు, నీళ్ల దగ్గర ఉంటాను. వీలైతే వారం మధ్యలో సెలవు తీసుకుని వెళ్లండి. కుంతాల బుధవారం ఒక తీరు, ఆదివారం ఒక తీరు.

నేరడిగొండ నుంచి అడవి దారి పట్టగానే ఏసీ ఆపేసి అద్దాలు దించుతాను. దీనికి రెండు కారణాలు. తడిసిన మట్టి, టేకాకు వాసన లోపలికి వస్తాయి, అది ఒకటి. రెండోది కెమెరా కోసం. ఏసీలో చల్లబడ్డ లెన్సును ఒక్కసారిగా వానాకాలపు తేమ గాలిలోకి తెస్తే దాని మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. దారిలోనే కెమెరా బయటి వేడికి అలవాటు పడితే ఆ బాధ ఉండదు.

కుంతాలలో కడెం నది రాళ్ల మీది నుంచి మెట్లు మెట్లుగా దిగుతుంది. ఎత్తు 147 అడుగులు, అంటే సుమారు 45 మీటర్లు. కిందికి వెళ్లడానికి వందల కొద్దీ మెట్లున్నాయి. దిగేటప్పుడు సులువే, బ్యాగు మోసుకుని ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఇక్కడి రాళ్ల నడుమ సోమేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. శివరాత్రికి భక్తులు వస్తారు. అప్పటికి నీళ్లు బాగా తగ్గిపోతాయి. ఎండాకాలంలో చూడటానికి రాళ్లే మిగులుతాయి. జూలై నుంచి నవంబరు దాకా జలపాతం రోజుకో తీరుగా ఉంటుంది.

అక్కడికి చేరగానే కెమెరా తీయకండి. ఇది నేను నియమంగా పెట్టుకున్నాను. పొడిగా ఉన్న బండ చూసుకుని, బ్యాగు పక్కన పెట్టి, అరగంట కూర్చోండి. మొదటి పది నిమిషాలు అంతా ఒకటే హోరు. తర్వాత ఆ హోరులో విడివిడి చప్పుళ్లు తెలుస్తాయి. పెద్ద ధార మడుగులో పడే బరువైన మోత ఒకటి, పక్క రాళ్ల మీది నుంచి జారే సన్నపాయల గలగల ఒకటి. నీళ్లు ఏ రాయికి తగిలి చీలుతున్నాయో, ఏ పాయ ఆగి ఆగి వస్తుందో, ఎండ ఎటువైపు నుంచి జరుగుతోందో అప్పుడు కనిపిస్తుంది. ఫొటో ఏది తీయాలన్నది ఆ అరగంటలోనే తేలుతుంది. ఒక్కరే వెళ్లడం వల్ల పెద్ద లాభం ఇక్కడే. "ఇంకా ఎంతసేపు?" అని అడిగేవాళ్లు పక్కన ఉండరు.

ఇప్పుడు ఫొటో. మనం కళ్లతో చూసే జలపాతం కదులుతుంది, ఫొటో కదలదు. కాబట్టి కదలికను ఎలా చూపాలో మనమే నిర్ణయించాలి. ఆ నిర్ణయమంతా షటర్ వేగంలో ఉంది. అంటే కెమెరా లోపలి తెర ఎంతసేపు తెరుచుకుని ఉండాలన్నది.

ఒక చిన్న లెక్క చెబుతాను. గాలి అడ్డు లేదనుకుంటే, పది మీటర్ల ఎత్తు నుంచి పడే నీటిచుక్క కిందికి వచ్చేసరికి సెకనుకు 14 మీటర్ల వేగం అందుకుంటుంది. గంటకు 50 కిలోమీటర్లు. షటర్‌ను సెకనులో వెయ్యో వంతు తెరిస్తే ఆ కాసేపట్లో చుక్క ఒకటిన్నర సెంటీమీటరు లోపే కదులుతుంది. ఫొటోలో చుక్కలు చుక్కలుగా, ఎగిరినవి ఎగిరినట్టే నిలిచిపోతాయి. అదే షటర్‌ను చివరి అర సెకను తెరిచి ఉంచితే ఆ చుక్క దాదాపు ఆరు మీటర్లు ప్రయాణిస్తుంది. చుక్క కనిపించదు, అది వచ్చిన దారి కనిపిస్తుంది. లక్షల చుక్కల దారులు కలిసి నున్నటి తెల్లటి ధారగా మారతాయి. ఫొటోగ్రాఫర్లు దీన్నే సిల్క్ ఎఫెక్ట్ అంటారు.

ఈ నున్నటి ధార ఈనాటి ఫ్యాషన్ అనుకుంటే పొరపాటు. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు కంచర గాడిదల మీద సామాను మోయించుకుని వెళ్లాడు. ఆయన గాజు పలకలు ఒక్కోటి సుమారు 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ఉండేవి. అక్కడికక్కడే గుడారంలో రసాయనం పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే కడగాలి. ఆ పలకలకు వెలుగు చాలాసేపు తగలాలి కాబట్టి జలపాతాలన్నీ నున్నగానే పడేవి. ఆయనకు వేరే దారి లేదు. 1864లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఆ లోయను ప్రజల కోసం కాపాడే చట్టం మీద సంతకం చేయడం వెనుక ఈ ఫొటోల ప్రభావం కూడా ఉందంటారు. ఫొటోకు పట్టే సమయం ఎక్కువైనందువల్ల వాట్కిన్స్ ప్రతి దృశ్యం ముందూ నిలబడి చాలాసేపు చూడాల్సి వచ్చింది. ఇవాళ మనకు ఆ నిర్బంధం లేదు. కాబట్టి దాన్ని మనమే పెట్టుకోవాలి.

మరి కుంతాల దగ్గర ఏ వేగం వాడాలి? అది నెలను బట్టి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో వరద వచ్చినప్పుడు నీళ్లు ఎర్రమట్టి రంగులో విరుచుకుపడతాయి. అప్పుడు షటర్‌ను ఎక్కువసేపు తెరిస్తే బురద పూసినట్టుగా వస్తుంది, నది ఉధృతి అంతా పోతుంది. ఆ రోజుల్లో సెకనులో 250వ వంతు నుంచి 500వ వంతు దాకా వాడి, ఎగిసిన నీళ్లను ఎగిసినట్టే పట్టుకోవాలి. అక్టోబరులో బురద కిందికి దిగి, నీళ్లు పాయలుగా విడిపోయి రాళ్ల మీది నుంచి జారతాయి. అప్పుడు నాలుగో వంతు సెకను నుంచి ఒక సెకను లోపు తెరిస్తే పాయ పాయా విడిగా తెలుస్తుంది. అంతకన్నా పెంచితే పాయల మధ్య తేడా చెరిగిపోతుంది. అన్ని జలపాతాలనూ ఒకే నున్నదనంతో తీస్తే కుంతాలకూ తలకోనకూ తేడా ఉండదు.

పట్టపగటి వెలుగులో షటర్‌ను అంతసేపు తెరిస్తే ఫొటో తెల్లగా వెలిసిపోతుంది. అందుకు న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ ఉంది. లెన్సుకు చలువ కళ్లద్దం పెట్టడం లాంటిదే ఇది. వెలుగును 64 రెట్లు తగ్గించే ఫిల్టర్ పెడితే, సెకనులో అరవయ్యో వంతు చాలిన చోట దాదాపు ఒక సెకను తెరవొచ్చు. కెమెరా సున్నితత్వం చెప్పే ఐఎస్ఓను 100 దగ్గర, లెన్సు రంధ్రం సైజు చెప్పే ఎపర్చరును ఎఫ్ 8 నుంచి 11 మధ్య ఉంచండి. ఫిల్టర్ లేదని ఎఫ్ 22 దాకా మూసేస్తే కాంతి చెదిరి ఫొటో పదును తగ్గుతుంది. ట్రైపాడ్ తప్పనిసరి. మీట నొక్కినప్పుడు వచ్చే అదురు పోవడానికి రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజేషన్ ఆపేయండి.

ఒకే ఒక్క ఫిల్టర్ కొనగలిగితే నేను పోలరైజర్‌నే కొనమంటాను. తడిసిన బండల మీద, ఆకుల మీద ఆకాశపు మెరుపు పడి రంగులన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పోలరైజర్‌ను మెల్లగా తిప్పితే ఆ మెరుపు పోయి, బండ నలుపు, నాచు పచ్చదనం బయటికి వస్తాయి. వెలుగును కొంత తగ్గిస్తుంది కాబట్టి షటర్ వేగానికి కూడా సాయపడుతుంది. ఒక జాగ్రత్త ఏమిటంటే, తుంపరలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంటే పోలరైజర్‌ను చూసి తిప్పండి. ఒక కోణంలో అది ఇంద్రధనుస్సును దాదాపు మాయం చేస్తుంది.

ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మన వీపు వెనుక ఉండాలి. మన తల నీడ పడే దిక్కు నుంచి 42 డిగ్రీల కోణంలో అది ఏర్పడుతుంది. అందుకే పొద్దున, సాయంత్రం సూర్యుడు కిందికి ఉన్నప్పుడు మడుగు దగ్గర నిలబడి చూస్తే కనిపిస్తుంది. మధ్యాహ్నం పైనుంచి కిందికి తుంపరలోకి చూస్తే తప్ప కనిపించదు. తక్కిన ఫొటోలకు మబ్బు పట్టిన రోజే మేలు. ఎండ ముక్కలు ముక్కలుగా పడితే నురగ ఒకచోట తెల్లగా వెలిగిపోతుంది, పక్కనే బండ చీకటైపోతుంది.

తెల్లటి నురగ కెమెరాను ఇంకో విధంగా కూడా తికమక పెడుతుంది. కెమెరా మీటరు ఏ దృశ్యాన్నైనా నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా నురగ ఉంటే దాన్ని బూడిదగా మారుస్తుంది. ఫ్రేము నిండా నల్ల బండలుంటే, బండలను వెలిగించబోయి నురగలోని వివరమంతా చెరిపేస్తుంది. ఫొటో తీశాక, వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు చూడండి. గ్రాఫు కుడి అంచుకు ఒరుసుకుంటే వెలుగు కొంచెం తగ్గించి మళ్లీ తీయండి. నురగలో వివరం పోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

ఖరీదైన కెమెరా లేనివాళ్లు బెంగపడనక్కర్లేదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ప్రో మోడ్ ఉంది, షటర్ వేగం మనమే పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీసి, దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకోవచ్చు. ఫోనును రాయికి ఆనించి కదలకుండా ఉంచితే చాలు. తుంపర లెన్సు మీద పడుతూనే ఉంటుంది కాబట్టి మెత్తటి పొడి గుడ్డ జేబులో పెట్టుకోండి. ప్రతి ఫొటోకు ముందు తుడవండి.

ఇంత శ్రద్ధ పెడితే ఇక విశ్రాంతి ఎక్కడిదని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి కూడా పరిశోధకులు జవాబు వెతికారు. లిండా హెంకెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులను ఒక మ్యూజియంలో తిప్పింది. కొన్ని వస్తువులను ఫొటో తీయమంది, కొన్నిటిని ఊరికే చూడమంది. మరునాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువులే వారికి తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు పక్కకు తప్పుకుందన్నమాట. అయితే అందులోనే ఇంకో సంగతి తేలింది. వస్తువులోని ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్లకు ఆ నష్టం జరగలేదు. ఏ భాగం తీయాలో ఎంచుకోవడానికి వాళ్లు చూడాల్సి వచ్చింది మరి.

2017లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తమకు నచ్చినవి తామే ఎంచుకుని ఫొటోలు తీసినవాళ్లకు చూసినవి బాగా గుర్తున్నాయి, విన్నవి మాత్రం తక్కువ గుర్తున్నాయి. అంటే కెమెరా కంటికి పదును పెడుతూ చెవిని మూసేస్తుంది. జలపాతంలో సగం చప్పుడే. రేడియో వినే మీకు ఈ నష్టం ఎంతటిదో నేను వివరించనక్కర్లేదు. అందుకే ముందు అరగంట వినడానికి, తర్వాతే తీయడానికి. వచ్చేముందు ఫోనులో ఒక నిమిషం పాటు ఆ చప్పుడు కూడా రికార్డు చేసుకోండి. పని ఒత్తిడిలో ఉన్నప్పుడు ఫొటో కన్నా అదే ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం.

వందలకొద్దీ ఫొటోలు గుద్దుకుంటూ పోతే కెమెరా బలవంతపు ధ్యాసను ఇంకా అలసటకు గురిచేస్తుంది. ఇంటికి వచ్చాక వాటిని ఏరడం ఇంకో ఆఫీసు పని. ఒక్క ఫ్రేము ఎంచుకుని, దాని ముందు నిలబడి, మబ్బు కమ్మేదాకా, గాలి ఆగేదాకా ఎదురుచూస్తే ఆ ఎదురుచూపులోనే మనసు సేద తీరుతుంది. ఫొటో బాగా రాకపోయినా ఆ సమయం మనకు దక్కినట్టే.

ఇక చాయ్ కొట్టు పెద్దావిడ మాట. "మీది దిక్కు మబ్బు నల్లగైతె ఆగకు." ఆవిడ చెప్పింది నెత్తిమీది మబ్బు గురించి కాదు, నది ఎగువన ఉన్న మబ్బు గురించి. మన దగ్గర ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే కడెం నది చూస్తుండగానే పెరుగుతుంది. 2022 జూలైలో ఇదే నది మీద దిగువనున్న కడెం ప్రాజెక్టుకు దాని సామర్థ్యాన్ని మించిన వరద వచ్చింది. కింది ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. నీళ్ల రంగు హఠాత్తుగా మారినా, ఆకులు కొమ్మలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాను సర్దుకోవడానికి కూడా చూడకుండా పైకి ఎక్కేయండి. ట్రైపాడ్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

కుంతాల మడుగులు పైకి కనిపించేంత నెమ్మదైనవి కావు. ఈతకు దిగి, రాళ్ల మీద కాలు జారి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రవాళ్ల వార్తలు మీరూ వినే ఉంటారు. హెచ్చరిక బోర్డులు, కంచెలు ఉన్నది అందుకే. నాచు పట్టిన బండ మీద ఒక్క అడుగు కూడా వేయకండి. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి ఫోను చేస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. అడవిలో సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు. నిర్మల్‌లోనే పెట్రోలు నింపుకోండి. రెండు గంటలకోసారి కారు ఆపి దిగి నడవండి. నిద్ర వస్తుంటే అద్దం దించుకుని నడిపేయొచ్చు అనుకోకండి, ఆపి పడుకోండి. చీకటి పడకముందే అడవి దారి దాటి హైవే ఎక్కండి. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033, ఏ ఆపద వచ్చినా 112 నంబరుకు ఫోను చేయొచ్చు. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదని నేను అనను. ఈ జాగ్రత్తలు తీసుకుని వెళ్లాలని అంటాను. ఇవి మగవాళ్లకూ వర్తిస్తాయి.

ఈ దారి అందరికీ దగ్గర కాకపోవచ్చు. విశాఖ వాళ్లకు బొర్రా దగ్గర కటికి ఉంది, గుంటూరు, పల్నాడు వాళ్లకు నాగార్జునసాగర్ పక్కన చంద్రవంక మీద ఎత్తిపోతల ఉంది, రాయలసీమ వాళ్లకు శేషాచలం అడవుల్లో తలకోన ఉంది. కారు లేనివాళ్లు బస్సులో వెళ్లొచ్చు. అదీ వీలుకాకపోతే మీ ఊరి చెరువు అలుగు దగ్గరికి వెళ్లండి. పారే నీళ్లు, కాసేపు తీరిక ఉంటే చాలు.

ఈ వానాకాలంలో ఒక్కసారైనా అలా వెళ్లి చూడండి. తెచ్చుకున్న ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకురండి. నీళ్లకు ఎదురుగా కూర్చోండి, ముందు వినండి, తర్వాత తీయండి. ఫొటోలు తక్కువైనా ఫరవాలేదు, ఉన్న సమయం మాత్రం తగ్గనివ్వకండి.